తూము దగ్గరి మనిషి

ఫోన్‌లో ‘స్త్రీ’ అని రాస్తే తెర మీద ఒక్క అక్షరమే కనిపిస్తుంది. కంప్యూటరు లెక్కలో మాత్రం అవి ఆరు సంకేతాలు. సకారం, ఒక పొల్లు, తకారం, మరో పొల్లు, రేఫ, చివర గుడిదీర్ఘం. ఈ ఆరింటినీ వరుసగా చదువుకుని, తకారాన్ని వత్తుగా కిందికి దించి, క్రావడి తగిలించి, తలకట్టు తీసి గుడిదీర్ఘం పెట్టి, మనం బడిలో దిద్దుకున్న ఆకారంలోకి తెచ్చే పని ఎవరో ఒకరు చేయాలి. ఆండ్రాయిడ్ ఫోన్లలో, క్రోమ్, ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్లలో, లిబ్రెఆఫీస్‌లో ఆ పని చేసిపెట్టేది హార్ఫ్‌బజ్ అనే చిన్న సాఫ్ట్‌వేర్. దానికి ప్రధాన నిర్మాత బెహ్‌దాద్ ఎస్ఫహ్‌బోద్, ఇరాన్ మూలాలున్న కెనడా పౌరుడు. దాని పేరే పారశీక మాటల నుంచి పుట్టింది. ఒక పత్రిక వెబ్‌సైటులో వార్త చదివినా, వాట్సాప్‌లో వచ్చిన పెళ్లిపిలుపు చూసినా, కోట్లాది తెలుగువాళ్ల కళ్ల ముందు అక్షరం అతుకుతున్నది ఆ కోడ్ వల్లే. దానికి మనం పైసా చెల్లించలేదు. దాని పేరు కూడా చాలామందికి తెలియదు.

ఇలాంటి సాఫ్ట్‌వేర్‌నే ఓపెన్ సోర్స్ అంటారు. ప్రోగ్రామరు రాసిన అసలు పాఠాన్ని, అంటే సోర్స్ కోడ్‌ను, ఎవరైనా చదవొచ్చు, మార్చుకోవచ్చు, వాడుకోవచ్చు, పంచిపెట్టొచ్చు. బ్యాంకుల సర్వర్లు, విమానాశ్రయాల తెరలు, ఆసుపత్రి రికార్డులు, టీవీలు, రూటర్లు అన్నింటి అడుగునా ఈ కోడ్ ఉంది. హార్వర్డ్ బిజినెస్ స్కూలు పరిశోధకులు 2024లో దీని విలువ కట్టే ప్రయత్నం చేశారు. విస్తృతంగా వాడే ఓపెన్ సోర్స్ కోడ్ మొత్తాన్ని ఒకసారి మళ్లీ మొదటి నుంచి రాయించాలంటే 415 కోట్ల డాలర్లు కావాలన్నారు. అదే లేకపోయి, వాడుకుంటున్న ప్రతి సంస్థా ఎవరిది వాళ్లు రాసుకోవాల్సి వస్తే ఆ ఖర్చు 8.8 లక్షల కోట్ల డాలర్లని తేల్చారు. ఆ అధ్యయనంలోనే ఇంకో లెక్క ఉంది. ఈ విలువలో 96 శాతం కేవలం 5 శాతం ప్రోగ్రామర్ల చేతుల నుంచి వచ్చింది. మొదటి రెండు అంకెలనూ అందరూ చెప్పుకున్నారు. నన్ను నిలబెట్టింది మూడోది. ఓపెన్ సోర్స్ అంటే లక్షల మంది తలా ఒక చెయ్యి వేసి మోసే బరువని మనకున్న ఊహ. నిజానికి ఆ బరువు చాలా కొద్దిమంది భుజాల మీద ఉంది. కోడ్ అందరికీ తెరిచి ఉండటం ఒక సంగతి, దాన్ని రోజూ కనిపెట్టుకుని ఉండేవారు ఉండటం మరో సంగతి. మొదటిదాన్ని లైసెన్సులో రాసుకున్నాం. రెండోదాన్ని ఎక్కడా రాసుకోలేదు. గత పుష్కరకాలంలో ఈ రంగాన్ని కుదిపిన ఘటనల్లో చాలావాటి మూలం ఆ రాసుకోని చోటే ఉందని నా వాదన.

చెరువుల కింద బతికిన నేల మీద ఈ తేడా చెప్పడం కష్టం కాదు. ఊరి చెరువు అందరిదీ. కానీ తూము ఎప్పుడు ఎత్తాలి, ఏ కాలవకు ఎంతసేపు నీళ్లు వదలాలి, కట్టకు ఎలుక బొరియ ఎక్కడ పడింది, అలుగు రాయి ఎందుకు కదిలింది అని చూసుకోవడానికి ఒక మనిషి ఉండేవాడు. నీరటి, నీరుగట్టు, నీరుగంటి, ఊరిని బట్టి పేరు మారేది. పంట ఇంటికి చేరకముందే కళ్లంలో అతని మేర కొలిచేవారు. చెరువును బాగుచేయించే బాధ్యత తీసుకున్నవారికి దశబంధం పేరుతో ఇనాములు ఉండేవి. ఆ పాత ఏర్పాటులో కులం బరువు కూడా ఉంది. చాలాచోట్ల ఆ చాకిరీ దళితుల నెత్తిన పడింది. దాన్ని తిరిగి తెచ్చుకోవాలని ఎవరూ అనరు. అందులో గ్రహించాల్సిన విషయం మాత్రం ఒకటుంది. నీళ్లు ఉమ్మడివైనా, కావలి పని ఉమ్మడి గాలిలో వదిలేయలేదు. దానికి ఒక మనిషిని, ఆ మనిషికి ఒక గింజల లెక్కను పెట్టారు. ఆ లెక్క చెదిరిపోయాక పూడికలు పేరుకుని, తూములు శిథిలమై, చివరికి 2015లో తెలంగాణ ప్రభుత్వం మిషన్ కాకతీయ పేరుతో 46 వేల పైచిలుకు చెరువుల మరమ్మతుకు పూనుకోవాల్సి వచ్చింది. ఓపెన్ సోర్స్‌లో నీరటిని మెయింటెయినర్ అంటారు. అతనికి కళ్లంలో మేర లేదు.

ఆ మేర లేకపోవడం ఎంత దూరం తీసుకుపోగలదో 2024 మార్చిలో ప్రపంచం చూసింది. ఎక్స్‌జడ్ అనేది ఫైళ్లను కుదించి చిన్నవి చేసే సాధనం. లినక్స్ అనే ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌తో నడిచే దాదాపు ప్రతి కంప్యూటరులోనూ ఉంటుంది. ఫిన్లండ్‌కు చెందిన లాసె కొలిన్ ఏళ్ల తరబడి దాన్ని దాదాపు ఒంటరిగా చూసుకుంటూ వచ్చారు. జీతం లేదు, ఉద్యోగ సమయం పోగా మిగిలిన గంటలే. 2021లో జియా టాన్ అనే పేరుతో ఒకరు చిన్న చిన్న సవరణలు పంపడం మొదలుపెట్టారు. పని బాగుంది, మాట మర్యాదగా ఉంది. 2022లో మరికొన్ని పేర్లు తెర మీదికి వచ్చాయి. సవరణలు ఆలస్యమవుతున్నాయని, ప్రాజెక్టును పట్టించుకోవడం లేదని, ఇంకొకరికి అప్పగించాలని ఆ పేర్లు కొలిన్‌ను పదేపదే నిలదీశాయి. తాను చాలాకాలంగా మానసిక ఆరోగ్య సమస్యలతో ఉన్నానని, ఇది జీతం లేని అభిరుచి పని అని గుర్తుంచుకోవాలని ఆయన బహిరంగంగానే బదులిచ్చారు. అలసిపోయిన మనిషికి ఎదురుగా సాయానికి సిద్ధంగా ఉన్న ఒకే ఒక్క చెయ్యి జియా టాన్‌ది. 2023 కల్లా కొత్త విడుదలలు చేసే అధికారం ఆ చేతికి వచ్చేసింది. ఒత్తిడి తెచ్చిన పేర్లు ఆ తర్వాత మాయమయ్యాయి. అవన్నీ ఒకే కుట్రలో పాత్రలని నిపుణులు అనుమానిస్తున్నారు. జియా టాన్ ఎవరో, ఒక మనిషో ఒక బృందమో, ఇప్పటికీ బయటపడలేదు.

2024 ఫిబ్రవరిలో వచ్చిన 5.6.0 విడుదలలో, మార్చిలో వచ్చిన 5.6.1లో ఒక దొడ్డిదారి దాగి ఉంది. దాన్ని దాచిన తీరు గమనించదగ్గది. అసలు విషం పరీక్షల కోసం పెట్టుకునే ఫైళ్లలో ఉంది. కుదింపు సాధనానికి చెడిపోయిన ఫైళ్లను ఇచ్చి అది తట్టుకుంటుందో లేదో చూడటం మామూలే కాబట్టి, అర్థం కాని అంకెల ముద్దలను చూసి ఎవరూ అనుమానించరు. ఆ ముద్దను విప్పి అసలు ప్రోగ్రాములో కలిపే తాళంచెవి లాంటి వరుసలను మాత్రం అందరూ చూసే కోడ్ భాండాగారంలో పెట్టలేదు, విడుదల మూటలో మాత్రమే పెట్టారు. అంటే తెరిచిన పుస్తకం వేరు, అమ్మకానికి కట్టిన ప్రతి వేరు. దూరంగా ఉన్న సర్వర్‌లోకి లాగిన్ కావడానికి వాడే ఎస్‌ఎస్‌హెచ్ అనే ద్వారంలోకి, కొన్ని లినక్స్ పంపిణీలలో, ఎక్స్‌జడ్ కోడ్ చుట్టుతిరిగి చేరుతుంది. దొడ్డిదారి సృష్టించినవారి దగ్గరున్న రహస్య తాళంచెవితో అలాంటి సర్వర్ మీద సంకేతపదం అవసరం లేకుండానే ఏ ఆదేశమైనా నడపొచ్చు. డెబియన్, ఫెడోరా వంటి పంపిణీల పరీక్ష దశ వెర్షన్లలోకి అది అప్పటికే వెళ్లింది. కోట్ల సర్వర్లు నడిచే స్థిర వెర్షన్లలోకి చేరడానికి ఎంతో కాలం పట్టేది కాదు. మైక్రోసాఫ్ట్‌లో పనిచేస్తూ పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌కు కోడ్ రాసే ఆండ్రెస్ ఫ్రాయిండ్, ఆ డేటాబేస్ వేగాన్ని కొలుస్తుండగా లాగిన్‌కు అర సెకను ఎక్కువ పడుతోందని గమనించారు. ఆ అర సెకను ఎక్కడికి పోయిందో వెతుక్కుంటూ వెళ్లి, మార్చి 29న లోకానికి చెప్పారు. ఆయన భద్రతా నిపుణుడు కూడా కాదు.

ఇక్కడ ఓపెన్ సోర్స్ అభిమానుల నుంచి ఒక న్యాయమైన అభ్యంతరం వస్తుంది. దొంగ దొరికాడు కదా, తెరిచి ఉండబట్టే కదా దొరికింది, కళ్లు ఎన్ని ఎక్కువైతే తప్పు అంత త్వరగా తేలుతుందన్న పాత నమ్మకం నిజమైనట్టే కదా అని. ఇందులో సగం నిజం ఉంది, దాన్ని ఒప్పుకోవాలి. ఫ్రాయిండ్ పొరపొరలుగా తవ్వుకుంటూ పోగలిగింది ప్రతి పొర కోడూ ఆయన ముందు ఉండబట్టే. తలుపులు మూసిన సాఫ్ట్‌వేర్‌లో అలాంటి దాడి జరిగితే ఏమవుతుందో 2020లో సోలార్‌విండ్స్ ఉదంతం చూపించింది. ఆ కంపెనీ నవీకరణల్లో చొరబాటుదార్లు కలిపిన కోడ్ నెలల తరబడి పంపిణీ అయింది. దాదాపు 18 వేల సంస్థలు దాన్ని దించుకున్నాయి. అమెరికా ప్రభుత్వ శాఖలు కూడా బాధితుల్లో ఉన్నాయి. కాబట్టి మూసేసుకోవడం మందు కాదు. అయితే మిగతా సగం సంగతి వేరు. ఎక్స్‌జడ్ కోడ్ ఏళ్లుగా తెరిచే ఉంది. చూడటానికి లోకమంతటికీ హక్కు ఉంది. ఆ రెండేళ్లలో కొలిన్ భుజం మీద నుంచి తొంగిచూసినవారు ఎంతమంది? చూసే హక్కు లైసెన్సు ఇస్తుంది, చూసే తీరిక ఇవ్వదు. ఫ్రాయిండ్‌కు ఆ వెతుకులాట సాగించే జ్ఞానం, జీతం, ఓపిక మూడూ ఉన్నాయి. అర సెకను తేడాను పట్టించుకోని మనిషి ఆ కుర్చీలో ఉంటే కథ ఇంకోలా ముగిసేది. ఒక మనిషి పట్టుదల లోకాన్ని కాపాడిందంటే గర్వపడదాం. అదే మన భద్రతా విధానం అంటే మాత్రం భయపడాలి.

పదేళ్ల ముందే ఈ పాఠం ఒకసారి వచ్చింది. 2014 ఏప్రిల్‌లో బయటపడిన హార్ట్‌బ్లీడ్ లోపం ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే లైబ్రరీలో ఉంది. బ్రౌజరులో తాళం గుర్తు వెనుక జరిగే రహస్య సంభాషణను నడిపే కోడ్ అది. అందులో రెండు కంప్యూటర్లు ఒకదాన్నొకటి బతికే ఉన్నావా అని అడిగే పద్ధతి ఒకటి చేర్చారు. ఫలానా మాట, దాని పొడవు ఇంత, తిరిగి నాకు చెప్పు అని అడగాలి. మాట ఒక్క అక్షరమే పంపి, పొడవు వేలల్లో ఉందని అబద్ధమాడితే సర్వర్ సరిచూసుకోకుండా తన మెమరీలో పక్కన ఉన్నదంతా తిరిగి పంపేసేది. అందులో సంకేతపదాలు, రహస్య తాళంచెవులు ఉండొచ్చు. ఈ కోడ్ 2011 డిసెంబరు 31న చేరింది, 2012 మార్చిలో విడుదలైంది, రెండేళ్లు ఎవరి కంటా పడలేదు. లోపం బయటపడ్డాక లోకం మొదటిసారి ఆ ప్రాజెక్టు ఇంట్లోకి తొంగిచూసింది. ఇంటర్నెట్ వ్యాపారంలో పెద్ద భాగాన్ని మోస్తున్న దానికి విరాళాల రూపంలో వచ్చేది ఏడాదికి సుమారు 2,000 డాలర్లు. పూర్తికాలం పనిచేసేవారు ఒక్కరు. ఆ సిగ్గుతో పెద్ద కంపెనీలు లినక్స్ ఫౌండేషన్ ద్వారా నిధి పెట్టాయి, మనుషులు వచ్చారు, కోడ్ శుభ్రపడింది. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ పరిస్థితి నిజంగా మెరుగైంది. అంటే మందు పనిచేస్తుంది. కానీ దాన్ని గాయం కనిపించిన చోటే పూశారు. 2021 డిసెంబరులో లాగ్4జె అనే జావా లైబ్రరీలో లోపం బయటపడి ప్రపంచమంతా సర్వర్లు బాగుచేసుకోవడానికి రాత్రింబవళ్లు తంటాలు పడినప్పుడు, దాన్ని చూసుకుంటున్నది మళ్లీ గుప్పెడు మంది స్వచ్ఛంద సేవకులే.

రెండో అభ్యంతరం వాడుకునేవాళ్ల నుంచి వస్తుంది. ఉచితమని వాళ్లే రాసిచ్చారు, ఇప్పుడు డబ్బులు ఎందుకు అడుగుతున్నారు అని. లైసెన్సు ప్రకారం ఈ మాట తప్పు కాదు. ఎవరూ ఎవరికీ బాకీ లేరు. కానీ అదే లైసెన్సులో ఇంకో వాక్యం ఉంటుంది, దాన్ని చదివేవారు తక్కువ. ఈ సాఫ్ట్‌వేర్ ఉన్నది ఉన్నట్టు ఇస్తున్నాం, ఏ హామీ లేదు అని. ఒప్పందం రెండు వైపులా చెల్లాలంటే మెయింటెయినర్ కూడా ఎవరికీ బాకీ లేడు. మెయింటెయినర్లు ఈ మధ్య ఆ వాక్యాన్ని గట్టిగా చదివి వినిపిస్తున్నారు. ఆపిల్, గూగుల్, మైక్రోసాఫ్ట్ ఉత్పత్తుల్లో ఉన్న లిబ్ఎక్స్ఎంఎల్2 లైబ్రరీని చూసుకునే నిక్ వెల్న్‌హోఫర్ 2025 జూన్‌లో ఒక నిర్ణయం ప్రకటించారు. భద్రతా లోపాలను ఇకపై గుట్టుగా ఉంచి గడువులకు లోబడి సరిచేయడం కుదరదని, వాటినీ మామూలు బగ్గుల్లాగే చూస్తానని అన్నారు. వారంలో గంటల కొద్దీ జీతం లేకుండా ఈ నివేదికలకే పోతున్నాయన్నది ఆయన ఆవేదన. కొద్ది నెలలకు బాధ్యత నుంచే తప్పుకున్నారు. అదే ఏడాది నవంబరులో, సర్వర్లలో ప్రోగ్రాములను నడిపించే కుబర్నెటీస్ అనే వ్యవస్థ సముదాయం ఇన్‌గ్రెస్ ఎన్‌జిన్‌ఎక్స్ అనే భాగాన్ని మూసేస్తున్నట్టు చెప్పింది. బయటి నుంచి వచ్చే రాకపోకలను లోపలి సర్వర్లకు పంచే ద్వారపాలకుడు అది, అసంఖ్యాక సంస్థలు వాడుతున్నాయి. ఏళ్లుగా ఒకరో ఇద్దరో ఆఫీసు అయ్యాక, వారాంతాల్లో దాన్ని మోస్తూ వచ్చారు. సాయం కోసం పిలిచినా ఎవరూ రాలేదు. 2026 మార్చి దాకా వీలైనంత చూస్తామని, ఆ తర్వాత లేదని తేల్చేశారు. వాడుకునేవాళ్లకు ఇది కోపం తెప్పించొచ్చు. నాకు మాత్రం ఇందులో నిజాయితీ కనిపిస్తుంది. తూము దగ్గర మనిషి లేడని ముందే చెప్పడం, కట్ట తెగాక చెప్పడం కంటే మేలు.

కొన్ని కంపెనీలు ఇంకో దారి పట్టాయి. కోడ్ తాము రాస్తుంటే క్లౌడ్ వ్యాపారులు దాన్ని అద్దెకిచ్చి లాభాలు తింటున్నారని లైసెన్సునే బిగించాయి. 2023లో టెర్రాఫామ్ అనే సాధనం అలా మారితే దాని పాత కోడ్ నుంచి ఓపెన్‌టోఫు చీలింది. 2024 మార్చిలో, ఎక్స్‌జడ్ గుట్టు రట్టు కావడానికి తొమ్మిది రోజుల ముందు, రెడిస్ అనే డేటాబేస్ కంపెనీ లైసెన్సు మార్చింది. కొన్ని రోజుల్లోనే అమెజాన్, గూగుల్, ఒరాకిల్ వంటివి లినక్స్ ఫౌండేషన్ గొడుగు కింద వాల్కీ పేరుతో వేరు కుంపటి పెట్టుకున్నాయి. రెడిస్ 2025 మే నాటికి మళ్లీ ఓపెన్ సోర్స్ లైసెన్సుకు తిరిగొచ్చింది, కానీ వెళ్లినవాళ్లు తిరిగి రాలేదు. ఆ కంపెనీల బాధ అబద్ధం కాదు. పన్ను కట్టకుండా నీళ్లు తోడుకునేవాడి మీద కోపం సహజం. కానీ ఆ కోపంతో చెరువుకు కంచె వేస్తే ముందు నష్టపోయేది చివరి మడి రైతు, ఇక్కడైతే చిన్న డెవలపరు, కాలేజీ విద్యార్థి, ఊరూ పేరూ లేని అంకుర సంస్థ.

మరి డబ్బు వస్తే సేవాభావం చెడదా అన్నది మూడో ప్రశ్న. ఈ ప్రశ్న వేసేవారు ఒక సంగతి మరిచిపోతున్నారు. లినక్స్‌కు గుండెకాయైన కెర్నల్‌లో చేరే మార్పుల్లో అత్యధికం ఎన్నో ఏళ్లుగా కంపెనీల జీతం మీద పనిచేసే ఇంజినీర్లవే. దానివల్ల లినక్స్ ఆత్మ పోలేదు. అసలు చిక్కు డబ్బు దేనికి ఇస్తారన్న దగ్గర ఉంది. కొత్త హంగు చేర్చమని డబ్బు ఇవ్వడానికి చాలామంది ముందుకొస్తారు. పాత కోడ్‌ను మళ్లీ చదవడానికి, పరీక్షలు రాయడానికి, వచ్చిన ఫిర్యాదుల్లో నిజం ఏదో తేల్చడానికి, కొత్తగా వచ్చినవాడిని ఏడాదిపాటు పక్కన కూర్చోబెట్టుకుని నేర్పడానికి ఎవరు ఇస్తారు? జర్మనీ ప్రభుత్వం 2022లో సావరిన్ టెక్ ఫండ్‌ను ఆ పని కోసమే మొదలుపెట్టింది. గ్నోమ్ అనే డెస్క్‌టాప్ ప్రాజెక్టుకు 10 లక్షల యూరోలు ఇచ్చింది, లాగ్4జె కూడా దాని సాయం అందుకుంది. మన దేశంలో షేర్ల లావాదేవీల సంస్థ జెరోధా 2024 అక్టోబరులో ఫ్లాస్ ఫండ్ ప్రకటించింది. ఏడాదికి 10 లక్షల డాలర్లు, ఒక్కో ప్రాజెక్టుకు 10 వేల నుంచి లక్ష డాలర్ల దాకా. ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోకపోతే నా వాదన అబద్ధమవుతుంది. డబ్బు ఒక్కటే ఎక్స్‌జడ్‌ను కాపాడేది కాదు. నిధి ఉండి ఉంటే అది నేరుగా జియా టాన్ చేతికే జీతంగా వెళ్లినా ఆశ్చర్యం లేదు, ఎందుకంటే అప్పట్లో ఆ పేరే అందరికంటే కష్టపడి పనిచేస్తోంది. కొలిన్‌కు కావాల్సింది నమ్మదగిన రెండో మనిషి, సెలవు తీసుకునే హక్కు, తన తరఫున ‘కాసేపు ఆగండి’ అని చెప్పగల సంస్థ. డబ్బు వాటిని సంపాదించిపెట్టే సాధనంగా ఉండాలి, ఖాతాలో పడిన అంకెగా మిగిలిపోతే ఫలితం లేదు.

కృత్రిమ మేధ వచ్చింది కదా, ఇక మెయింటెయినర్ అవసరమే తగ్గిపోతుందని ఇప్పుడు వినిపిస్తున్న మాట. ఇంటర్నెట్ నుంచి ఫైళ్లను తెచ్చే కర్ల్ అనే సాధనాన్ని స్వీడన్‌కు చెందిన డేనియల్ స్టెన్‌బర్గ్ పాతికేళ్లకు పైగా నడుపుతున్నారు. భద్రతా లోపం చూపించినవారికి బహుమతి ఇచ్చే పథకం ఆ ప్రాజెక్టుకు ఉండేది. చాట్‌బాట్లతో రాయించిన నివేదికలు దానికి వెల్లువెత్తాయి. భాష గంభీరంగా ఉంటుంది, లేని ఫంక్షన్ల పేర్లు ఉంటాయి, లోపం మాత్రం ఉండదు. అబద్ధమని తేల్చడానికి ప్రతిదాన్నీ ఒక మనిషి కూర్చుని చదవాలి. రాయడానికి నిమిషం, తిప్పికొట్టడానికి గంటలు. స్టెన్‌బర్గ్ 2024 జనవరి నుంచి దీని గురించి గొంతెత్తుతూ వచ్చి, చివరికి 2026 జనవరి చివరితో బహుమతి పథకాన్నే ఆపేశారు. అయితే ఆయనే ఇంకో మాట కూడా చెప్పారు. 2025లో కోడ్ మీద పట్టున్న పరిశోధకులు మేధాసాధనాలతో జల్లెడపట్టి పంపిన జాబితాల వల్ల నిజమైన తప్పులు పదుల సంఖ్యలో దిద్దుకోగలిగామని. సాధనం ఒకటే, పట్టుకున్న చెయ్యి మారింది. ఏ నివేదికను నమ్మాలి, ఏ సవరణను కలపాలి అనే తీర్పు చెప్పే మనిషి మీద భారం తగ్గలేదు, ఇంకా పెరిగింది.

ఈ భారంలో మన వాటా ఏమిటన్నది తెలుగు పాఠకులకు దగ్గరి ప్రశ్న. కోడ్ పంచుకునే వేదిక గిట్‌హబ్ 2025 నివేదిక ప్రకారం ఒక్క ఏడాదిలో భారత్ నుంచి అందులో 50 లక్షలకు పైగా డెవలపర్లు కొత్తగా చేరారు. మన రెండు రాష్ట్రాల్లో ఇంజినీరింగ్ కాలేజీలు ఎన్ని ఉన్నాయో, హైదరాబాద్ గచ్చిబౌలి నుంచి అమెరికా టెక్సస్ దాకా మనవాళ్లు ఎంతమంది ఈ రంగంలో ఉన్నారో చెప్పనక్కరలేదు. ఇంత జనబలం ఓపెన్ సోర్స్‌కు వరం కావాలి. కొన్నిసార్లు వరదైంది. 2020 అక్టోబరులో ఒక పోటీలో నాలుగు సవరణలు పంపితే టీ షర్టు ఉచితమన్నారు. ఒక భారతీయ వీడియో పాఠం చూసిన విద్యార్థులు ప్రాజెక్టుల మీద అర్థం లేని సవరణలు కుప్పపోశారు, మెయింటెయినర్లు రోజుల తరబడి చెత్త ఎత్తుకున్నారు. నిర్వాహకులు పోటీ నియమాలే మార్చాల్సి వచ్చింది. 2024 తొలి నెలల్లో ఎక్స్‌ప్రెస్ అనే ప్రాజెక్టుకు ఇదే జరిగింది. మరో పాఠంలో చూపించిన ఉదాహరణను అనుసరించి వందలాది మంది అందులో తమ పేరు చేర్చమని సవరణలు పంపారు. ఆ పిల్లలను తిట్టడం తేలిక, నేను తిట్టను. ఉద్యోగ దరఖాస్తులో ఓపెన్ సోర్స్ అనుభవం కావాలని అడిగేది కంపెనీలు, గిట్‌హబ్‌లో సవరణల సంఖ్యను చూపే పచ్చ గళ్లు లెక్కపెట్టేది నియామక అధికారులు, ఓపెన్ సోర్స్ అంటే సవరణ పంపే మీట నొక్కడమని నేర్పింది మనమే. సవరణ పంపడం విత్తనం చల్లడం లాంటిది. కలుపు తీయడం, నీళ్లు పెట్టడం నేర్పలేదు. ఒక సెమిస్టరు మొత్తం ఒకే ప్రాజెక్టు దగ్గర కూర్చుని, వచ్చిన బగ్ ఫిర్యాదులను తమ కంప్యూటరులో మళ్లీ రప్పించి చూసి, ఏది నిజమో ఏది కాదో రాసిపెట్టే పదిమంది విద్యార్థులు ఏ మెయింటెయినర్‌కైనా వెయ్యి సవరణల కంటే విలువైనవారు. దానికి మార్కులు ఇవ్వడం కాలేజీల చేతిలో పని. తెలుగు అక్షరాలు తప్పుగా అతికే చోట్లను, తెలుగు తెరల్లో అనువాదం చెడిన చోట్లను పట్టి చెప్పే పనికైతే మనకంటే తగినవారు లోకంలో ఇంకెవరూ లేరు. హైదరాబాద్‌లోని స్వేచ్ఛ సంస్థ, తెలుగు వికీపీడియా కార్యకర్తలు ఇలాంటి ఓపికైన పనిని ఏళ్లుగా చేసి చూపించారు.

ప్రభుత్వాల వంతు కూడా ఉంది. కేంద్రం 2015లోనే ప్రభుత్వ వ్యవస్థల్లో ఓపెన్ సోర్స్‌కు ప్రాధాన్యం ఇచ్చే విధానం ప్రకటించింది. అది ముఖ్యంగా వాడుకకు సంబంధించినది. వాడుతున్నదాన్ని ఎవరు కాపాడాలన్న ప్రశ్నకు ఐరోపా సమాఖ్య చట్టంలో సమాధానం మొదలైంది. 2024 డిసెంబరులో అమలులోకి వచ్చిన సైబర్ రెసిలియెన్స్ చట్టం ప్రధాన బాధ్యతలు 2027 డిసెంబరు 11 నుంచి వర్తిస్తాయి. సాఫ్ట్‌వేర్ ఉన్న వస్తువును అమ్మే కంపెనీ, అందులో కలిపిన ఓపెన్ సోర్స్ భాగాల భద్రతకు తానే జవాబుదారీ. లోపం కనిపిస్తే దాన్ని చూసుకునే మెయింటెయినర్‌కు తెలియజేయాలి. స్వచ్ఛందంగా కోడ్ రాసే మనిషి మీద ఆ బాధ్యతల బరువు పెట్టలేదు. మొదటి ముసాయిదాలో ఈ తేడా స్పష్టంగా లేకపోతే ఓపెన్ సోర్స్ సంస్థలు గట్టిగా పోరాడి దాన్ని రాబట్టుకున్నాయి. చట్టం దస్తావేజులు పెంచడమే తప్ప మనుషులను పెంచదని దీని మీద విమర్శ ఉంది. కొంత నిజమే. కానీ జవాబుదారీతనం లాభం ఉన్నచోటికి జరగడం ఇదే మొదలు. మన రాష్ట్రాలు ఈ-పాలన టెండర్లు పిలిచేటప్పుడు, గుత్తేదారు వాడే ఓపెన్ సోర్స్ భాగాల జాబితా అడిగి, వాటి నిర్వహణకు విలువలో ఒక చిన్న వాటా కేటాయించమని షరతు పెట్టడానికి ఏ కొత్త చట్టమూ అవసరం లేదు. దశబంధం అనే మాట శాసనాల్లో చదివిన అధికారులకు ఇది వింతగా తోచకూడదు.

లాసె కొలిన్ ఎక్స్‌జడ్‌ను వదిలి వెళ్లిపోలేదు. దొడ్డిదారి బయటపడిన వెంటనే ముందుకొచ్చి, జియా టాన్ పేరుతో చేరిన మార్పులను ఒక్కొక్కటిగా తిరిగి చదివారు. 2024 మే 29న ఆ విషం తీసేసిన 5.6.2 వెర్షన్ విడుదల చేశారు.